రష్యన్‌లో పరిచయం చేసుకోవాలంటే ముందు ఇంగ్లీషుని పక్కన పెట్టండి

సెప్టెంబరులో మెడిసిన్‌కి రష్యా వెళ్తున్నానని, భాష ఒక్క ముక్క కూడా రాదని, కనీసం పేరూ ఊరూ చెప్పుకోవడమైనా ఎలా నేర్చుకోవాలని అడిగారు. వోల్గోగ్రాద్‌లో చదివి వచ్చినదాన్ని. ఇలాంటి ప్రశ్న కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు.

మీ కన్సల్టెన్సీ వాళ్లు ఈపాటికి ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టే ఉంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రష్యన్ వాక్యాలు, పక్కన ఇంగ్లీషులో అర్థాలు. దాన్ని సూట్‌కేసు అడుగున పరుచుకోండి, అంతకు మించి పనికిరాదు. మన పిల్లలకి రష్యన్ రాకపోవడానికి కారణం రష్యన్ కష్టమని కాదు, ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం. తెలుగులోంచి నేరుగా వెళ్తే సగం దారి వచ్చేసినట్టే. యాప్‌లు చేసేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోయారు.

చూడండి. పేరు చెప్పాలంటే రష్యన్‌లో "మిన్యా జవూత్ హారిక" అంటారు. మిన్యా అంటే నన్ను, జవూత్ అంటే పిలుస్తారు. "నన్ను హారిక అంటారు", అంతే. మా తాతయ్య కొత్తవాళ్లతో అచ్చం ఇలాగే చెప్పేవాడు. ఇదే "మై నేమ్ ఈజ్" నుంచి మొదలుపెడితే ఆ "ఈజ్"కి రష్యన్‌లో ఏం పెట్టాలా అని సగం క్లాసు తల పట్టుకుంటుంది. అక్కడ అది లేదు, మనకీ లేదు. "నేను విద్యార్థిని" అనడానికి "యా స్తుద్యెంత్కా". అబ్బాయి అయితే "యా స్తుద్యెంత్". రెండే మాటలు. వయసు చెప్పాలంటే "మ్న్యే దివిత్నాత్సత్ ల్యెత్", అంటే నాకు పంతొమ్మిదేళ్లు. "నేను పంతొమ్మిదేళ్లు" అనరు, మనలాగే "నాకు" అంటారు. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్లకి ఈ "నాకు" ఎక్కడి నుంచి ఊడిపడిందో నెలలు గడిచినా బోధపడదు. మనకి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. మీరు, నువ్వు తేడా కూడా అంతే. పెద్దవాళ్లకీ, కొత్తవాళ్లకీ "వీ", చనువున్నవాళ్లకి "తీ". హాస్టల్ గేటు దగ్గర కూర్చునే పెద్దావిడని మొదటిరోజే "ప్రివ్యెత్" (చనువుగా అనే హాయ్) అని పలకరించారంటే, మన ఊళ్లో హెడ్మాస్టరుని "ఏంట్రా" అన్నంత కాకపోయినా ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఆవిడకి "జ్ద్రాస్త్వుయ్‌త్యె", అంటే నమస్కారమండీ. నోరు తిరగదు, నిజమే. కానీ బట్టీ పట్టాల్సిన మాట అదొక్కటే.

ఉచ్చారణ సంగతీ అదే. రష్యన్‌లో త, ద ఉన్నాయి కానీ ట, డ లేవు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివినవాడు "స్టుడెంట్" అంటాడు, తెలుగులో రాసుకున్నవాడు "స్తుద్యెంత్" అంటాడు. ఎవరిది వాళ్లకి సరిగ్గా వినిపిస్తుందో వేరే చెప్పాలా? అందుకే మొదటి వారం నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలే వాడండి. ఆ తర్వాత ఎలాగూ వాళ్ల అక్షరాలు వచ్చేస్తాయి. మొత్తం 33. ఇంగ్లీషు పి లా కనిపించేది ర, హెచ్ లా కనిపించేది న, బి లా ఉండేది వ. ఈ మూడింటినీ అలవాటు చేసుకుంటే బస్సు మీద బోర్డు చదివేస్తారు. మన నోటికి బాగా కొత్తది ఇందాకటి "వీ", "తీ"ల చివర ఉన్న శబ్దం. పెదాలు "ఈ" అన్నప్పటిలా సాగదీసి, నాలుకని "ఊ" అన్నప్పటిలా వెనక్కి లాగి పలకాలి. అద్దం ముందు కూర్చుంటే సాయంత్రానికి వస్తుంది. పుస్తకాల్లో ఉండే అచ్చక్షరాలు వచ్చాయి కదా అని చేతిరాతని మాత్రం వదిలేయకండి. మా రోజుల్లో వార్డులో కేస్ షీట్లు చాలావరకు కలిపిరాతలోనే ఉండేవి. దాంట్లో త అక్షరం ఇంగ్లీషు ఎమ్ లా ఉంటుంది. కొన్ని మాటలైతే పైకీ కిందికీ గీతలు తప్ప ఇంకేమీ కనిపించవు.

"మీది ఇంగ్లీషు మీడియం కదా, ఇంత అవసరమా?" అని మీ నాన్నగారు అడుగుతారు. అందరి నాన్నగార్లూ అడుగుతారు. మన దేశంలో వైద్యవిద్యని చూసే ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో మెడిసిన్ చదివేవాళ్లు కనీసం 54 నెలల కోర్సు చెయ్యాలి, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే కాలేజీ దగ్గర పూర్తిచెయ్యాలి. చదువు ఇంగ్లీషులోనే ఉండాలని కూడా అందులో ఉంది. మంచం మీదున్న పేషెంటుకి ఆ నిబంధన తెలియదు కదా. ఇంగ్లీషు మీడియం వార్డు గుమ్మం దాకానే.

ఆ గుమ్మం దాటిన రోజు గురించి చెప్పాలి.

మూడో సంవత్సరంలో మమ్మల్ని జనరల్ మెడిసిన్ వార్డుకి పంపారు. పేషెంటు దగ్గర కూర్చుని హిస్టరీ, అంటే జబ్బు వివరాలు, అడిగి రాసుకురావడం పని. నాకు ఒక ముసలావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటుంది, బీపీ కేసు. మంచం పక్క చిన్న బల్ల మీద రెండు యాపిళ్లు, గ్లాసులో చల్లారిపోయిన టీ, పదాల గళ్లు నింపే పత్రిక. నేను తెల్లకోటు సర్దుకుని గడగడా అప్పజెప్పాను: "జ్ద్రాస్త్వుయ్‌త్యె, మిన్యా జవూత్ హారిక, యా స్తుద్యెంత్కా త్రేత్యెవా కూర్సా." నమస్కారమండీ, నన్ను హారిక అంటారు, మూడో సంవత్సరం స్టూడెంటుని. ఒక్క తప్పు లేదు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "కాక్? కాక్?" అంది. ఏమిటీ, ఏమిటీ అని. మళ్లీ చెప్పాను. గళ్ల పత్రికా పెన్సిలూ నా చేతికిచ్చి రాయమంది. అంచు మీద పెద్ద పెద్ద అచ్చక్షరాలతో రాశాను. కళ్లజోడు ముక్కు చివరికి జార్చి చదివి, నా అక్షరాల కిందే అదే పేరుని కలిపిరాతలో అందంగా రాసి చూపించింది. ఇలా రాయాలి అని.

తర్వాత అడిగింది: "ఆ పబాత్యుష్కె?"

మా పుస్తకంలో ఆ మాట లేదు. పుస్తకంలో ఉన్నది "ఓచిస్త్వ", అంటే తండ్రి పేరు నుంచి కట్టే మధ్యపేరు. రష్యన్లకి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అని మూడూ ఉంటాయి. పెద్దవాళ్లనీ, టీచర్లనీ, డాక్టర్లనీ ఉత్త పేరుతో పిలవరు. పేరూ తండ్రి పేరూ కలిపి ఆన్నా ఇవానొవ్నా అని పిలుస్తారు. ప్రగతి, రాదుగ అనే సోవియట్ ప్రచురణ సంస్థల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన రోజుల్లో చదువుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఆ కథల్లో ప్రతి ఇవానూ పెత్రోవిచ్చే. మా అమ్మ అయితే ఆ పేర్లు గుర్తుపెట్టుకోలేక పుస్తకం మొదటి పేజీలో పెన్సిలుతో చుట్టరికాలు రాసుకునేది. ఈ తండ్రి పేరునే వాడుకలో ముసలివాళ్లు "పబాత్యుష్కె" అని అడుగుతారు. ఈ చిన్న సంగతి ఏ జిరాక్స్ కాగితంలోనూ ఉండదు.

పక్క మంచం ఆవిడ కల్పించుకుని "పాపా, పాపా! కాక్ పాపు జవూత్?" అని విడమరిచింది. నాన్నని ఏమంటారు? "ప్రసాద్" అన్నాను. ముసలావిడ ఒక్క క్షణం పెదాలు కదిపి చూసుకుని, "ప్రసాదొవ్నా" అని తేల్చేసింది. హారిక ప్రసాదొవ్నా. ఇక ఆ గదిలో నన్ను అందరూ అదే పేరుతో పిలిచారు. చెరుకుపల్లిలో ఎరువుల కొట్టు నడుపుకునే మా నాన్న పేరు వోల్గా ఒడ్డున వార్డులో మారుమోగింది. మా రూమ్మేట్ తండ్రి వెంకటేశ్వరరావు గారు. దాని అదృష్టం బాగుండి దానికి వేరే వార్డు పడింది.

పేరు తేలాక ప్రశ్నలన్నీ ఆవిడవే. ఎక్కడి నుంచి వచ్చావు? అమ్మ ఎలా పంపింది? ఇక్కడి చలికి టోపీ ఉందా? అన్నదమ్ములు ఎంతమంది? నేను చెయ్యాల్సిన ఇంటర్వ్యూ నాకే జరిగింది. అదంతా అయ్యాక ఆవిడే సర్దుకుని కూర్చుని, తలనొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ మాత్ర వేసుకుంటోంది, ఏ మాత్ర డాక్టరుకి చెప్పకుండా మానేసింది, అన్నీ వరసగా చెప్పింది. చివరిది అసలు డాక్టరుకి కూడా తెలియదు. తండ్రి పేరు చెప్పినవాళ్ల దగ్గర రష్యన్ పేషెంటు ఏదీ దాచదని ఆ రోజు నాకు ఖాయమైంది, ఇప్పటికీ అదే నమ్మకం.

అందుకని మీరు నేర్చుకోవాల్సింది ఒక వాక్యం కాదు, ఆ వాక్యం తర్వాత వచ్చే ప్రశ్నలు. "అత్కూదా వీ?" ఎక్కడి నుంచి వచ్చారు. "యా ఇజ్ ఇందియి" అనండి. అనగానే వయసు మళ్లినవాళ్లయితే రాజ్ కపూర్ అంటారు, కొంచెం చిన్నవాళ్లయితే మిథున్ చక్రవర్తి అంటారు. చిరంజీవి అని చెప్పి చూశాను, లాభం లేదు. ఎప్పుడు వచ్చారని అడిగితే అమ్మాయిలు "ప్రియేఖలా" అనాలి, అబ్బాయిలు "ప్రియేఖల్". మనకి "వచ్చాను" ఇద్దరికీ ఒకటే కాబట్టి ఇక్కడ మాత్రం తెలుగు ఆదుకోదు. అబ్బాయిలు సీనియర్ అక్కల దగ్గర నేర్చుకుని వెళ్లి "ప్రియేఖలా" అంటూ ఉంటారు, క్లాసంతా నవ్వుతుంది. వయసు చెప్పేటప్పుడు కూడా అంకెని బట్టి మాట మారుతుంది: 21 అయితే "గోద్", 22 నుంచి 24 దాకా "గోదా", 25 అయితే "ల్యెత్". ఇప్పుడు మీకు పంతొమ్మిదే అయితే రెండేళ్ల దాకా దిగుల్లేదు. అవతలివాళ్లు పేరు చెప్పాక "ఓచిన్ ప్రియాత్నా" అనడం మరిచిపోకండి, మిమ్మల్ని కలవడం సంతోషం అని. ఇంకోటి, గడప మీద నుంచి చెయ్యి కలపకండి. లోపలికి రండి, లేదా వాళ్లే బయటికి వస్తారు. గడప పట్టింపు మన ఇళ్లలోనే ఉందనుకునేదాన్ని.

ఇక కాగితాల గొడవ. పరిచయం నోటితో అయ్యేది కొంచెమే, అప్లికేషన్లలో అయ్యేదే ఎక్కువ. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు కొందరికి ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, కొందరికి ఆ గడే ఖాళీ. అక్కడ మొదటి గడి ఇంటిపేరుదే. ఆ పొడి అక్షరం దేనికని ప్రతి కౌంటర్‌లోనూ అడుగుతారు. కుదిరితే వెళ్లకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా రాయించుకోండి. మధ్యపేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు, మనకి లేదని వాళ్లకి తెలుసు.

పేరులో హ ఉంటే మరీ జాగ్రత్త. రష్యన్‌లో హ లేదు. ఒకరు ఖ రాస్తారు, ఒకరు గ రాస్తారు. నోటరీ చేయించిన అనువాదంలో నేను ఖారిక, ఇంకో ఆఫీసువాళ్లు ఇచ్చిన కాగితంలో గారిక. గారిక్ అనేది అక్కడ మగవాళ్ల ముద్దుపేరు. రెండు కాగితాల్లో ఉన్నది ఒకే మనిషని ఒప్పించేసరికి నాకు చలికాలం అయిపోయింది. మొదటి కాగితం చేతికొచ్చిన రోజే అక్షరం అక్షరం సరిచూసుకోండి, తర్వాత ఇచ్చే ప్రతిదాంట్లోనూ అదే స్పెల్లింగు పెట్టమని అడగండి. పేరులో తప్పులు దిద్దే కౌంటర్ మా రోజుల్లో వారానికి రెండు పూటలే తెరిచేవారు, అదీ భోజనాల వేళ దాకా.