వైజాగ్‌లో ఇల్లు సముద్రం ఒడ్డునే తీసుకోవాలా?

మిర్యాలగూడ నుంచి వైజాగ్ మారుతున్నామని, మీ ఆయన ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ దగ్గరని, పాప నాలుగో తరగతని, మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ కూడా మీతోనే వస్తున్నారని రాశారు. బీచ్ రోడ్డులో సముద్రం కనపడే ఫ్లాట్ నచ్చింది, అడ్వాన్స్ ఇచ్చేయమంటారా అని అడిగారు. ఇప్పుడే ఇవ్వకండి.

మాది నల్గొండ, పానగల్ వైపు. సముద్రం అంటే చిన్నప్పటి నుంచి మాకు తెలిసింది ఉదయసముద్రం చెరువే. అందుకే 2016లో వైజాగ్ పోయినప్పుడు లాసన్స్ బే దగ్గర సరిగ్గా సముద్రానికి ఎదురుగా మూడో అంతస్తులో ఇల్లు దొరికితే ఇంకేమీ చూడకుండా చేరిపోయాం. అక్కడ పద్నాలుగు నెలలు ఉన్నాం. తర్వాత 2022లో తిరిగి వచ్చేదాకా ఎంవీపీ కాలనీలో.

మొదటి నెల రోజూ బాల్కనీలోనే టీ తాగాం. ఆ సంతోషం అబద్ధం కాదు. తర్వాత ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దయింది. అమ్మ పంపిన కారం గడ్డకట్టి చెంచాకు రాలేదు. మన దగ్గర మే నెల ఎండ ఎంత మాడ్చినా నీడలో కూర్చుంటే చెమట ఆరిపోతుంది. అక్కడ అంత ఎండ ఉండదు, కానీ ఒంటి మీది చెమట ఆరదు. అత్తమ్మకు ముందు నుంచే ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఒకరోజు పెళ్లికి బయల్దేరుతూ బీరువా తీయబోతే తాళంచెవి సగం లోపలే విరిగిపోయింది. బాగుచేయడానికి వచ్చినాయన తలుపు బందును గోటితో గీకి చూపించాడు. ఇనుము ఉల్లిపొరల్లా లేచి వచ్చింది. లోపలున్న పట్టుచీర అంచుకు కూడా తుప్పు మరక అంటింది, అది ఇప్పటికీ పోలేదు. ఏడాది తిరిగేసరికి వాషింగ్ మెషిన్ కింది రేకు, ఏసీ బయటి డబ్బా, పిల్లవాడి సైకిల్ చైన్ అన్నీ అదే దారి పట్టాయి. గాలిలో వచ్చే ఉప్పు ఇది. ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ, మధ్యలో బిల్డింగులు అడ్డం వచ్చేకొద్దీ తగ్గుతుంది. ఎంవీపీకి మారాక కొన్న బీరువా మాతో పాటే నల్గొండ వచ్చింది, బాగానే ఉంది.

కాబట్టి మీరు చూసిన ఫ్లాట్‌కు మళ్లీ ఒకసారి మధ్యాహ్నం పూట వెళ్లండి. ఓనర్లు అద్దెకిచ్చే ముందు రంగు వేయిస్తారు, ఆ గ్రిల్స్ చూసి లాభం లేదు. పక్క ఫ్లాట్ గ్రిల్స్, మెట్ల రెయిలింగ్, మీటర్ బోర్డు పెట్టె చూడండి. మన వైపు ఇల్లు చూస్తే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందా అని అడుగుతాం కదా, అక్కడ ఉప్పు ఉందా అని అడగాలి. కొంచెం నోట్లో పోసుకుని చూడండి, సబ్బు నురగ వస్తుందో లేదో చూడండి. మున్సిపల్ నీళ్లు ఏ టైముకు వస్తాయో వాచ్‌మన్‌ను అడిగితే ఉన్నది చెప్తాడు. ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: హుద్‌హుద్ అప్పుడు ఈ బిల్డింగ్‌కు ఏమైంది? 2014 అక్టోబర్ 12న ఆ తుపాను వైజాగ్ దగ్గరే తీరం దాటింది. మేము అప్పటికి రాలేదు, కానీ మా ఎంవీపీ ఇంటావిడ ఆ రోజు గురించి చెప్తూ ఇప్పటికీ గొంతు తగ్గించేది. అక్టోబర్, నవంబర్ వస్తే అక్కడ తుపాను టెన్షన్ మామూలే. సముద్రం వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలున్న ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు.

మీ ఇంటికి నేనైతే ఎంవీపీ కాలనీయే చెప్తాను. సెక్టార్లుగా వేసిన కాలనీ, రైతు బజార్ ఉంది, బస్సులున్నాయి. మేమున్న చోటు నుంచి అప్పుఘర్ వైపు ఇరవై నిమిషాలు నడిస్తే బీచ్. సాయంత్రం పోయి కూర్చుని ఇంటికొచ్చేయొచ్చు, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. రుషికొండకు హనుమంతవాక, ఎండాడ మీదుగా పోవాలి. ఆఫీసు టైములో కొంచెం ఓపిక కావాలి.

ఆ ప్రయాణం వద్దనుకుంటే మధురవాడ. ఆఫీసు దగ్గర, కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కువ. కాకపోతే సముద్రానికి నడిచి పోలేరు. సాగర్ నగర్ ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఒడ్డు పక్కనే కాబట్టి తుప్పు బాధ అక్కడా ఉంటుంది. ఆర్కే బీచ్ ఎదురుగా వద్దు, ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. భీమిలి నాకు చాలా ఇష్టం, కానీ స్కూలు, ఆసుపత్రి అని రోజూ సిటీకి తిరగాల్సిన ఇంటికి దూరం. గాజువాక మీ ఆఫీసుకు పూర్తిగా అవతలి వైపు.

ఎక్కడ చూసినా అత్తమ్మను వెంట తీసుకెళ్లి చూడండి. వైజాగ్ గుట్టల ఊరు. రోడ్డు మీద నుంచి దగ్గరే అనిపించే ఇంటికి నలభై మెట్లుంటాయి. మా అత్తమ్మ మొదటి ఇంట్లో లిఫ్ట్ ఆగిన రోజున కిందికి దిగేదే కాదు. ఎంవీపీలో గ్రౌండ్ ఫ్లోర్ తీసుకున్నాక రోజూ తానే సంచి పట్టుకుని రైతు బజార్ పోయేది.

పాప గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. సాగర్ కాల్వలో ఈదినవాళ్లం అని మనకు ధైర్యం ఉంటుంది. సముద్రం అట్లా ఉండదు. మోకాలి లోతులో నిలబడ్డా వెనక్కి పోయే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. ఆర్కే బీచ్‌లోనైనా, రుషికొండలోనైనా చేయి వదలకండి.

మిర్యాలగూడ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి రెండూ నేరుగా ఉన్నాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక శనివారం, ఆదివారం పోయి రెండు రాత్రులు ఎక్కడైనా రూమ్ తీసుకుని ఉండండి. అప్పటికీ ఆ బీచ్ రోడ్డు ఫ్లాటే కావాలనిపిస్తే తీసుకోండి. ఇనుప బీరువా మాత్రం మిర్యాలగూడలోనే ఉంచేసి, అక్కడ చెక్కది కొనుక్కోండి.