గుర్రమెక్కితే మా బాబుకు నడక వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు 5 ఏళ్లు. నెలలు నిండకముందే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలిక అదుపులో లేకపోవడం), అందులో స్పాస్టిక్ డైప్లీజియా అని డాక్టర్లు చెప్పారు. రెండు కాళ్లూ బిగుసుకుని ఉంటాయి. వాకర్ పట్టుకుని కాస్త దూరం నడుస్తాడు. కింద కూర్చోబెడితే చెయ్యి ఆనించకుండా ఎక్కువసేపు కూర్చోలేడు. గతంలో ఫిట్స్ వచ్చాయి, మందులు వాడుతున్నాం. ఫిజియోథెరపీ మొదటి నుంచీ చేయిస్తున్నాం. గుర్రపు స్వారీ థెరపీతో ఇలాంటి పిల్లలు నడిచేస్తున్నారంటూ బంధువులు వీడియోలు పంపుతున్నారు. ఫిజియోథెరపీ మాన్పించి దీనికి తీసుకెళ్లమంటారా? ప్రమాదమేమీ ఉండదు కదా? థెరపీ దగ్గర పరిచయమైన ఒకావిడ కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్న తన ఏడేళ్ల పాపను పంపాలనుకుంటున్నారు. – ఒక తల్లి

జవాబు: ఫిజియోథెరపీ మాత్రం మాన్పించకండి. స్వారీ దానికి తోడుగా పనికొస్తుంది, దాని స్థానంలోకి రాలేదు. ఇక పంపవచ్చా అంటే, బాబు తుంటి కీళ్లు ఎలా ఉన్నాయో, ఫిట్స్ ఎంతవరకు అదుపులో ఉన్నాయో తేలాక పంపవచ్చు. వీడియోల సంగతంటారా, వాటిలో పిల్లవాడు వేసిన అడుగులే కనిపిస్తాయి. అంతకుముందు వాడికి కండరాల బిగుతు తగ్గడానికి ఇచ్చిన బొటాక్స్ ఇంజెక్షన్లు, చేసిన ఆపరేషన్లు, ఏళ్ల తరబడి చేయించిన ఎక్సర్‌సైజులు కనిపించవు.

గుర్రం వల్ల అసలు ఏం జరుగుతుందో చూద్దాం. గుర్రం మామూలు నడకలో ఉన్నప్పుడు దాని వీపు ముందుకూ వెనక్కీ, పక్కలకూ కదులుతూ కొద్దిగా మెలి కూడా తిరుగుతుంది. మనం నడిచేటప్పుడు మన కటి భాగం కదిలే తీరు కూడా దాదాపు ఇదే. అంటే సొంతంగా సరిగా నడవలేని పిల్లవాడి నడుముకు, నడిచేవాళ్ల నడుముకు అందే కదలికే అందుతుంది. గుర్రం నిమిషానికి సుమారు 100 అడుగులు వేస్తుందనుకుంటే 20 నిమిషాల్లో 2,000 సార్లు బాబు ఒళ్లు ఒరగడం, మళ్లీ నిటారుగా సర్దుకోవడం జరుగుతుంది. గదిలో చాప మీద ఏ థెరపిస్టూ ఇన్నిసార్లు చేయించలేరు, చేయించబోయినా పిల్లవాడు ఊరుకోడు. పైగా కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోవడం వల్ల తొడల లోపలి కండరాలు నెమ్మదిగా సాగుతాయి. మీ బాబులాంటి పిల్లల్లో కాళ్లు కత్తెరలా పడేది ఆ కండరాల బిగుతు వల్లే. స్వారీ అయ్యాక కాళ్లు కాస్త వదులుగా అనిపించడం మామూలే. అయితే ఆ వదులు ఎక్కువకాలం నిలవదు.

ఒక సెషన్ ఎలా ఉంటుందో చెబితే మీకు స్పష్టత వస్తుంది. తరచుగా జీను వేయరు, మెత్తటి ప్యాడ్ కట్టి దాని మీద కూర్చోబెడతారు. ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు, ఇద్దరు చెరోపక్క నడుస్తూ బాబు తొడను, నడుమును పట్టుకుంటారు. గుర్రం ఆగగానే బాబు ముందుకు తూలుతాడు, మరుక్షణం వీపు కండరాలు బిగించి వెనక్కి నిలుస్తాడు. అసలు థెరపీ ఆ క్షణంలోనే ఉంది. థెరపిస్టు గుర్రాన్ని మాటిమాటికీ ఆపించడం, మలుపులు తిప్పించడం, వేగం మార్పించడం ఇందుకే. కొన్నిసార్లు వెనక్కి తిప్పి కూర్చోబెట్టి చేతులు గుర్రం నడుము మీద ఆనించమంటారు. అప్పుడు భుజాలకు పని పడుతుంది. బాగా కుదిరాక రింగు అందుకుని గుర్రం చెవికి తగిలించమంటారు. వాడికది ఆట. నడుము తిప్పి, ఒక చెయ్యి వదిలి, పడకుండా నిలవడం మనకు కావలసిన పని.

ఇది ఫిజియోథెరపిస్టో, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టో, స్పీచ్ థెరపిస్టో దగ్గరుండి చేయించే హిప్పోథెరపీ. శిక్షణ పొందిన కోచ్ పిల్లలకు స్వారీ నేర్పించేది థెరప్యూటిక్ రైడింగ్. దానిలో కళ్లెం పట్టడం, చెప్పింది వినడం, గుర్రాన్ని చూసుకోవడం ముఖ్యం. మీ బాబుకు ఇప్పుడు కావలసింది మొదటిది. ఈ రెండూ కాకుండా గుర్రం మీద ఎక్కించి రెండు చుట్లు తిప్పి దించే సరదా సవారీలు ఉంటాయి. బోర్డు మీద థెరపీ అని రాసి ఉన్నా సరే, వాటికి దూరంగా ఉండండి.

ఈ రంగంలో లిస్ హార్టెల్ కథ తప్పకుండా వినిపిస్తుంది. డెన్మార్క్‌కు చెందిన ఈమెకు 1944లో పోలియో సోకి మోకాళ్ల కింద పట్టు పోయింది. గుర్రం ఎక్కడానికీ దిగడానికీ మరొకరి సాయం కావాల్సి వచ్చేది. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్ (గుర్రంతో పద్ధతి ప్రకారం అడుగులు వేయించే) పోటీలో రజతం గెలిచింది. వైకల్యం ఉన్నవారికి స్వారీ నేర్పే కేంద్రాలు యూరప్‌లో, అమెరికాలో ఊపందుకోవడానికి ఆమె గెలుపు పెద్ద ప్రేరణ. నాకూ ఆమె అంటే గౌరవమే. కానీ ఈ కథను సగమే చెబుతారు. పోలియోకు ముందే ఆమె మంచి రైడర్. పతకం వచ్చాక కూడా మోకాళ్ల కింద పట్టు తిరిగి రాలేదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవి, కొద్ది వారాలవి. కూర్చున్నప్పుడు నడుము నిలపడం, బ్యాలెన్స్, రెండు పక్కల కండరాలు సమంగా పనిచేయడం మెరుగవుతాయని వాటిలో కనబడింది. నడక విషయంలో ఫలితాలు ఒకేలా లేవు. ఆటిజంలో దీని ఉపయోగం వేరు. 2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆటిజం ఉన్న 6 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో కొందరికి 10 వారాలు స్వారీ నేర్పారు. మిగతావాళ్లకు గుర్రాల గురించే చెప్పారు గానీ గుర్రం దగ్గరికి తీసుకెళ్లలేదు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గాయి, మాటలూ మెరుగయ్యాయి.

మీ బాబు విషయంలో నేను మొదట అడిగేది తుంటి ఎక్స్‌రే. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి తొడ ఎముక తల తుంటి కీలు గిన్నెలోంచి మెల్లగా పక్కకు జరుగుతుంది. తొలిదశలో నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటి కీలుతో కాళ్లు బలవంతంగా ఎడంచేసి గుర్రం మీద కూర్చోబెట్టడం మంచిది కాదు. పాత ఎక్స్‌రే ఏడాది కిందటిదైతే కొత్తది తీయించి పిల్లల ఎముకల డాక్టరుకు చూపించండి. వెన్ను వంకర ఉందేమో కూడా అప్పుడే చూస్తారు.

ఫిట్స్ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. నేల మీద ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెడతాం. గుర్రం మీద వస్తే పిల్లవాడు అంత ఎత్తునుంచి జారిపోతాడు, పక్కనున్నవాళ్లు కదిలే గుర్రం పక్కనుంచే వాణ్ణి దించాలి. చివరిసారి ఫిట్ ఎప్పుడు వచ్చింది, జ్వరంలో వచ్చిందా, ఈ మధ్య మందు మోతాదు మార్చారా అన్నవి మీ న్యూరాలజిస్టుతో మాట్లాడి ఆయన రాతపూర్వకంగా సరేనన్నాకే వెళ్లండి. మందు మార్చిన కొత్తలో అసలు వద్దు. కొన్ని ఫిట్స్ మందులు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు పలచబడతాయి. సొంతంగా నిలబడి నడవని పిల్లల్లో అవి అప్పటికే బలహీనంగా ఉంటాయి. కాబట్టి విటమిన్ డి గురించి కూడా అడగండి. ధనుర్వాతం టీకా బూస్టర్ పెండింగ్‌లో ఉంటే వేయించండి, గుర్రాలు తిరిగే చోట మట్టిలో ఆ క్రిములు ఉంటాయి. ఆస్తమా, ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి.

కేంద్రానికి వెళ్లినప్పుడు బాబును ఎక్కించకుండా ఒక పూట ఊరికే కూర్చుని చూడండి. ప్రతి పిల్లవాడికీ తలకు సరిపోయే హెల్మెట్ పెడుతున్నారా, ఎక్కడానికి ర్యాంపు ఉందా, గుర్రం శబ్దాలకు బెదరకుండా ఉందా గమనించండి. పిల్లవాణ్ణి బెల్టుతో గుర్రానికి కట్టేస్తుంటే అక్కడినుంచి వచ్చేయండి. గుర్రం తడబడితే పిల్లవాణ్ణి వెంటనే లాగి దించే వీలు ఉండాలి. మీ రిపోర్టులేవీ అడగకుండా రేపే రమ్మనేవాళ్లను నేనైతే నమ్మను.

మొదలుపెట్టేముందు బాబు చెయ్యి ఆనించకుండా ఎంతసేపు కూర్చోగలుగుతున్నాడో, చొక్కా తొడుక్కునేటప్పుడు ఎటు ఒరుగుతున్నాడో ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. వారానికి ఒకసారో రెండుసార్లో 10–12 వారాలు చేయించాక మళ్లీ అలాగే తీసి మీ ఫిజియోథెరపిస్టుతో కలిసి చూడండి. తేడా ఉంటే కొనసాగించండి. లేకపోతే, బాబుకు అది సరదా అయితే సరదాగానే ఉంచుకోండి, చికిత్సగా డబ్బు పోయకండి. మధ్యలో తుంటి దగ్గర నొప్పి అన్నా, డైపర్ మార్చేటప్పుడు కాలు ఎడంచేస్తే ఏడ్చినా ఆపేసి డాక్టరుకు చూపించాలి. మంచి కేంద్రం అందుబాటులో లేదని దిగులు పడొద్దు. పెద్ద ఎక్సర్‌సైజు బంతి మీద కూర్చోబెట్టి నడుము నిలిపే సాధన మీ ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. గుర్రం ఇచ్చినంత కదలిక రాదు గానీ, రోజూ చేయించవచ్చు.

మీ స్నేహితురాలి పాపకు ఇంకో జాగ్రత్త కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. కుదుపుకు అవి జరిగితే వెన్నుపాము నలుగుతుంది. పాపను ముందు పిల్లల డాక్టరు పరీక్షించాలి, అవసరమనుకుంటే మెడ ఎక్స్‌రే తీయిస్తారు. డాక్టరు పరీక్ష ఏటా జరగాలి. ఎక్స్‌రే బాగుందంటే ఇక ఎప్పటికీ భయం లేదని కాదు. మెడనొప్పి, తల ఒకవైపు వాల్చడం, నడక మారడం, చేతుల్లో పట్టు తగ్గడం, కొత్తగా పక్క తడపడం వంటివి కనిపిస్తే ఆ రోజే స్వారీ ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆమెకు చెప్పండి.