క్యాంపు ఫీజు కట్టొచ్చు, వాయిదాల మీద మాత్రం వద్దు

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది, సివిల్ ఇంజనీరు అవుతానంటోంది. మే నెలలో నెల్లూరులో పిల్లలకు పది రోజుల సివిల్ ఇంజనీరింగ్ సమ్మర్ క్యాంపు పెడుతున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడమే. ఫీజు 12,000, కిట్టుకు 1,800. మావారు రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తారు, నేను బట్టలు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 38,000. ఇంటి ఖర్చు 29,000, చీటీ 4,000, బంగారం లోను వడ్డీ 2,500 పోను 2,500 మిగులుతుంది. బ్యాంకులో 40,000 ఉంది. 799 ప్రాసెసింగ్ ఫీజు కడితే వడ్డీ లేకుండా ఆరు వాయిదాలు ఇస్తామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టండమ్మా. అయితే రెండు షరతులున్నాయి. అప్పు చేయకూడదు. క్యాంపులో పిల్లల చేత నిజంగా పని చేయిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ముందు ఆ వాయిదాల సంగతి. 799కి 18 శాతం జీఎస్టీ కలిపితే 943 అవుతుంది. మీరు వాడుకునేది పూర్తి 12,000 ఆరు నెలల పాటు కాదు. మొదటి నెల 12,000, తర్వాత 10,000, 8,000, అలా తగ్గుతూ చివరి నెలకు 2,000 మాత్రమే మిగులుతుంది. ఆ లెక్కన 943 రూపాయలంటే నూటికి నెలకు రెండుంపావలా వడ్డీ, అంటే ఏడాదికి 27 శాతం దాకా. పైగా ఒక వాయిదా తప్పితే అపరాధ రుసుము వేరు. దీనికోసం చీటీ ముందే పాడటం, బంగారం మీద ఇంకొంచెం తీసుకోవడం కూడా వద్దు.

అసలు ఖర్చు ఎంతో చూద్దాం. ఫీజూ కిట్టూ 13,800. బూట్లకు 700, టోపీకి, నీళ్ల సీసాకు 300, బస్టాండు నుంచి ఆటోకు పది రోజులకు 500 వేసుకోండి. మొత్తం 15,300. బస్సు ఛార్జీ కలపలేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఆధార్ దగ్గరుంచుకుంటే చాలు. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాల్సిందే. మధ్యాహ్నానికి ఇంటి నుంచి క్యారియర్ పంపండి.

ఇప్పుడు జనవరి. ఏప్రిల్ దాకా నాలుగు నెలలు, మిగిలే 2,500 చొప్పున పక్కన పెడితే 10,000. తక్కువైన 5,300 మాత్రమే బ్యాంకులోంచి తీయండి. ఇంకా 34,700 ఉంటుంది, నెల ఇంటి ఖర్చుకు పైమాటే. అదే మొత్తం 15,300 ఇవాళే తీసేస్తే 24,700కి దిగిపోతారు. మేత వ్యాపారంలో ఒక్క నెల జీతం ఆలస్యమైతే ఇబ్బంది పడేది అక్కడే. అసలు మీ ఇంటికి మూడు నెలల ఖర్చు, అంటే 87,000, చేతిలో ఉండాలి. ఆ లోటు ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక డబ్బుకు తగ్గ పని జరుగుతుందా అన్నది. నిర్వాహకులను కాంక్రీటు క్యూబుల గురించి అడగండి. ఒక్క ప్రశ్నతోనే చాలా బయటపడుతుంది. క్యూబు అంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే 150 మిల్లీమీటర్ల ఘనం, ఒక్కోటి ఎనిమిది కిలోల పైచిలుకు. పోసిన మర్నాడు అచ్చు విప్పి నీళ్లలో ఉంచి, ఏడో రోజున, 28వ రోజున మిషన్‌లో పెట్టి నొక్కి పగలగొడతారు. పది రోజుల క్యాంపులో 28వ రోజు ఎటూ రాదు. ఏడో రోజు పరీక్ష కావాలంటే మొదటి మూడు రోజుల్లోనే క్యూబులు పోయాలి. 'చివరి రోజు కాంక్రీటు చేయిస్తాం' అన్నారంటే పిల్లలు కలపడం చూస్తారు, పగలడం చూడరు. ఎం20 అనే రకం కాంక్రీటు ఏడో రోజుకు, 28వ రోజు బలంలో దాదాపు మూడింట రెండొంతులు అందుకుంటుంది; ఆ క్యూబు పగలాలంటే సుమారు 30 టన్నుల బరువు పడాలి. అంత నొక్కే మిషన్ కాలేజీ ల్యాబుల్లో, నాణ్యత పరీక్షించే ల్యాబుల్లో ఉంటుంది. ఎక్కడికి తీసుకెళ్తారో అడగండి. కలపడం తేలిగ్గా ఉంటుందని నీళ్లు ఎక్కువ పోసిన క్యూబు, నీళ్లలో ఉంచకుండా మే ఎండలో వదిలేసిన క్యూబు తక్కువ బరువుకే పగులుతాయి. ఆ తేడా తన చేతులతో చూస్తే మీ అమ్మాయికి ఈ చదువు తనకు నచ్చేదో కాదో తెలుస్తుంది.

కిట్టు ధర కూడా నిలదీయండి. మూడు క్యూబులకు పట్టే సిమెంటు నాలుగు కిలోలే, అంటే 50 కిలోల బస్తా పన్నెండు జట్లకు వస్తుంది. కాబట్టి 1,800 కాంక్రీటుకు కాదు. హెల్మెట్టు, టేపు, జాకెట్ లాంటివైతే జాబితా తీసుకుని బయట కొనుక్కోవచ్చా అని అడగండి. సర్వే పరికరం ఒకటే ఉండి పిల్లలు ముప్పై మంది ఉంటే ఒక్కొక్కరి చేతికి వచ్చేది పది నిమిషాలే. ఐదుగురికి ఒకటి ఉండాలి, బయటి సర్వే పొద్దున పదిలోపు ముగియాలి. 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజీ నెల్లూరుకు దగ్గరే. అక్కడికి తీసుకెళ్తామంటే అనుమతి తీసుకున్నారా, బస్సు ఖర్చు ఫీజులో ఉందా, ప్రమాద బీమా ఉందా అన్నవి తేల్చుకోండి.

క్యాంపు సర్టిఫికెట్‌కు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో గానీ బీటెక్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో గానీ మార్కులేమీ రావు. ఫీజుకు ఆదాయపు పన్ను మినహాయింపు కూడా లేదు, అది బడి, కాలేజీల పూర్తికాల చదువుల ట్యూషన్ ఫీజుకే. అయినా సమయం మంచిది. పదో తరగతి అయ్యీ కాగానే పాలిటెక్నిక్‌లో మూడేళ్ల సివిల్ డిప్లొమానా, ఇంటర్ ఎంపీసీనా తేల్చుకోవాలి. డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. క్యాంపు తర్వాత తను వద్దనుకున్నా మీరు నష్టపోయినట్టు కాదు, లక్షలు పెట్టే ముందే తెలిసినట్టు.

క్యాంపు అయ్యాక 2,500 పొదుపు ఆపకండి. జూన్, జూలైలతో బ్యాంకులోంచి తీసిన 5,300 దాదాపు తీరుతుంది. ఆగస్టు నుంచి మార్చి దాకా బ్యాంకులో నెలనెలా ఆర్‌డీ కడితే 20,000 అవుతుంది, దానికి వడ్డీ అదనం. పదో తరగతి తర్వాత చేరికల ఖర్చుకు ఉంటుంది.

ముందు 2,000 మించి అడ్వాన్సు ఇవ్వకండి. తగినంత మంది చేరకపోయినా, వడగాడ్పులకు రద్దయినా ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. డబ్బు సంస్థ ఖాతాకే పంపండి, ఎవరి సొంత ఫోన్ నంబరుకో కాదు. 12,000 మీద ఇంకో 2,160 జీఎస్టీ అంటే రసీదు మీద జీఎస్టీ నంబరు చూడండి. రిజిస్ట్రేషన్ లేని సంస్థ ఆ పన్ను వసూలు చేయకూడదు.