కొత్త తూటా గుల్లలకు మళ్లీ పనేమిటి?

ప్రశ్న: మాస్టారూ, అమెరికాలో ఉన్న మా అన్నయ్య తన .308 సైజు రైఫిల్‌కు తూటాలు సొంతంగా తయారుచేసుకుందామని కొత్త ఇత్తడి గుల్లలు (మందు, గుండు పట్టే ఖాళీ గొట్టాలు) కొన్నాడు. గుండు కూర్చునే మెడల దగ్గర నీలంగా కమిలి ఉన్నాయట. పాతవి అంటగట్టారేమోనని టెన్షన్ పడుతున్నాడు.
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: ఆ మచ్చ మంచిదేనమ్మా. సైన్యంలో ఆయుధాల మరమ్మతు చేసినన్నాళ్లూ ఆ రంగు కనబడితే నాకు ధైర్యంగా ఉండేది. గుల్ల ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30. సాగదీసి నొక్కేకొద్దీ అది బిరుసెక్కుతుంది. ఫ్యాక్టరీలో మెడను వేడిచేసి మెత్తబరచకపోతే తర్వాత చీలిపోతుంది. ఆ నీలం మచ్చ ఆ వేడిదే. సుత్తి దెబ్బకు బిరుసెక్కిన రేకు కొలిమిలో పెడితే లొంగుతుందని మీ బుడితి ఇత్తడి పనివారిని అడిగినా చెబుతారు.

అలాగని కొత్తవాటిని నేరుగా వాడకూడదు. సంచిలో ఒకదానికొకటి తగిలి మూతులు నొక్కుకుపోతాయి. మెడలోకి మాండ్రెల్ అనే నున్నటి కడ్డీ దూర్చి గుండ్రంగా చేయాలి. పొడవు కాలిపర్‌తో కొలవాలి, .308కి 51.18 మిల్లీమీటర్లు మించకూడదు. ఆపైన మూతి అంచును లోపలా బయటా సన్నగా గీకాలి. గీకకపోతే గుండు దింపేటప్పుడు దాని రాగి తొడుగు చెక్కుకుపోతుంది. ఇక్కడ మాత్రం తొందరపడొద్దని మీ అన్నయ్యకు గట్టిగా చెప్పమ్మా.

మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. సెలవులకు వచ్చేటప్పుడు అతని బ్యాగులో ఖాళీ గుల్ల ఒక్కటి కూడా ఉండకూడదు.