పైథాన్ సీటైప్స్‌తో సీ లైబ్రరీని పిలిస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది: ముందుగా ఏమి చూడాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: ఒక పరికరానికి చెందిన సీ లైబ్రరీని సీ ఫంక్షన్లను పైథాన్ నుంచి వాడుకోవడానికి ఉన్న సీటైప్స్ మాడ్యూల్ ద్వారా పిలుస్తున్నారు. 32-బిట్ విండోస్‌లో అది సవ్యంగా నడిచింది. 64-బిట్ లినక్స్‌కు మార్చిన తరువాత ఓపెన్ ఫంక్షన్ బాగానే తిరిగివస్తోంది కానీ, ఆ వెంటనే పిలిచే రీడ్ ఫంక్షన్ దగ్గర సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని తాకినప్పుడు వచ్చే లోపం) అన్న ఒక్క మాటతో ప్రోగ్రామ్ ఆగిపోతోంది, పైథాన్‌లో లోపాలను పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్‌కు కూడా దొరకడం లేదు. లైబ్రరీలోనే లోపం ఉందని తయారీదారుకు రాసే ముందు, మీరు పిలిచే ప్రతి ఫంక్షన్‌కూ రెస్‌టైప్ (ఇచ్చే విలువ రకం), ఆర్గ్‌టైప్స్ (తీసుకునే విలువల రకాలు) రెండూ ప్రకటించారా అన్నది చూడండి. మీరు ఇచ్చిన కోడ్‌లో అవి ఎక్కడా లేవు.

లారీలు తూచే వేబ్రిడ్జి నుంచి బరువు చదివే ఒక ప్రోగ్రామ్ నిర్వహణ నా చేతిలో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. ఆ లైబ్రరీ హెడర్ ఫైల్ (ఫంక్షన్ల రకాలు రాసి ఉండే ఫైల్) ప్రకారం ఓపెన్ ఒక వాయిడ్ పాయింటర్‌ను, అంటే ఒక మెమరీ అడ్రస్‌ను, తరువాతి పిలుపుల్లో వాడే హ్యాండిల్‌గా ఇస్తుంది, రీడ్ ఆ హ్యాండిల్‌ను తీసుకుని బరువును డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) ఇస్తుంది. అయితే సీటైప్స్ హెడర్ ఫైల్‌ను చదవదు. మామూలు సీ లైబ్రరీ ఫైల్‌లో దానికి దొరికేది ఫంక్షన్ పేరు, అది ఉన్న చోటు మాత్రమే; ఏ రకం విలువ తీసుకుంటుంది, ఏ రకం విలువ ఇస్తుంది అన్న సమాచారం అక్కడ ఉండదు. మనం చెప్పకపోతే ప్రతి ఫంక్షనూ సీ భాషలోని పూర్ణాంక రకమైన ఇంట్‌నే తిరిగి ఇస్తుందని సీటైప్స్ భావిస్తుంది. 32-బిట్‌లో ఇంట్‌కూ పాయింటర్‌కూ 4 బైట్లే కనుక ఆ తప్పు బయటపడదు. 64-బిట్‌లో పాయింటర్ 8 బైట్లు, ఇంట్ మాత్రం 4 బైట్లే.

హ్యాండిల్ అసలు అడ్రస్ హెక్సాడెసిమల్‌లో 5567 3104 8260 అనుకుందాం. రెస్‌టైప్ ప్రకటించకపోతే పైథాన్‌కు చేరేది 3104 8260 మాత్రమే, పై భాగం పోతుంది. ఆ మిగిలిన ముక్కనే రీడ్ నిజమైన అడ్రస్ అనుకుని, తనది కాని మెమరీలోకి వెళ్తుంది. అంటే కూలిపోయింది రీడ్‌లోనే అయినా తప్పు జరిగింది ఓపెన్ దగ్గర. హ్యాండిల్‌ను ప్రింట్ చేసి చూడండి: కొన్నిసార్లు అది రుణ సంఖ్యగా కనిపిస్తుంది, అది కనిపించిందంటే ఇక సందేహించనక్కరలేదు. ధన సంఖ్య కనిపించినంత మాత్రాన సరిగ్గా ఉందని మాత్రం అనుకోవద్దు.

దీన్ని సరిచేసేటప్పుడు చాలామంది సగంలో ఆగిపోతారు. ఓపెన్‌కు రెస్‌టైప్‌గా సీ_వాయిడ్_పీ (వాయిడ్ పాయింటర్‌కు సీటైప్స్‌లోని పేరు) పెడతారు, హ్యాండిల్ పూర్తిగా వస్తుంది, అయినా రీడ్ మళ్లీ కూలిపోతుంది. దానితో కారణం ఇది కాదని తేల్చుకుని వేరే దారిలో వెతకడం మొదలుపెడతారు. నిజానికి సీ_వాయిడ్_పీ పెట్టినప్పుడు పైథాన్‌కు అందేది ఒక మామూలు పూర్ణాంకం. రీడ్‌కు ఆర్గ్‌టైప్స్ లేకపోతే ఆ పూర్ణాంకాన్ని సీటైప్స్ మళ్లీ ఇంట్‌గానే పంపుతుంది కనుక, వచ్చేటప్పుడు కాపాడిన పై భాగం వెళ్లేటప్పుడు పోతుంది. ఇచ్చే విలువకూ తీసుకునే విలువకూ రెండిటికీ ప్రకటన ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

బరువు విషయం ఇంకొంచెం వేరు. 64-బిట్ లినక్స్‌లో, మామూలు ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల మీద, పూర్ణాంక ఫలితం ఒక రిజిస్టర్‌లోనూ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) డబుల్ ఫలితం పూర్తిగా వేరే రిజిస్టర్‌లోనూ వస్తాయి. రెస్‌టైప్‌గా సీ_డబుల్ చెప్పకపోతే సీటైప్స్ చూసేది మొదటిదాన్నే. అందువల్ల మీకు కనిపించే సంఖ్య బరువుకు దగ్గరగా కూడా ఉండదు, దాన్ని ఏదో గుణకంతో సరిచేయాలని చూడడం వృథా. ఇది మీ పరికరంతో పని లేకుండానే పరీక్షించవచ్చు. లినక్స్‌తో వచ్చే గణిత లైబ్రరీ లిబ్‌ఎమ్‌ను తెరిచి, వర్గమూలం ఇచ్చే ఎస్‌క్యూఆర్‌టీ ఫంక్షన్‌కు ఏ ప్రకటనా లేకుండా 2.0 ఇస్తే సీటైప్స్ ఆర్గ్యుమెంట్ ఎర్రర్ చూపుతుంది. ఆర్గ్‌టైప్స్ మాత్రమే పెడితే అర్థంలేని పూర్ణాంకం వస్తుంది. రెస్‌టైప్ కూడా పెట్టినప్పుడే 1.4142135623730951 కనిపిస్తుంది.

సీటైప్స్ 2006లో పైథాన్ 2.5తో ప్రామాణిక లైబ్రరీలో చేరింది. ప్రకటన లేని ఫంక్షన్‌ను ఇంట్ ఇచ్చేదిగా ఊహించే పద్ధతిని సీ భాష తన 1999 ప్రమాణంలోనే తొలగించింది, సీటైప్స్‌లో మాత్రం అది ఇప్పటికీ కొనసాగుతోంది. ప్రకటన లేని ఫంక్షన్‌ను అసలు పిలవనివ్వకపోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం. అందుకే లైబ్రరీని తెరిచిన వెంటనే, మొదటి పిలుపుకు ముందే, హెడర్ ఫైల్‌ను పక్కన పెట్టుకుని అన్ని ఫంక్షన్ల రకాలనూ ఒకే చోట రాసేస్తాను.

మీరు విండోస్ నుంచి లినక్స్‌కు మారారు కనుక లాంగ్ అనే పూర్ణాంక రకాన్ని కూడా చూసుకోండి. 64-బిట్ విండోస్‌లో సైతం లాంగ్ 4 బైట్లే, 64-బిట్ లినక్స్‌లో 8 బైట్లు. హెడర్‌లో లాంగ్ అని ఉన్నచోట మీ స్ట్రక్చర్‌లో (కొన్ని ఫీల్డులను కలిపి ఉంచే రకం) 4 బైట్ల సీ_ఇంట్32 అని రాసి ఉంటే, దాని తరువాతి ఫీల్డులు జరిగిపోయి తప్పు విలువలు చూపవచ్చు. సీ_లాంగ్ అనే రాస్తే ఆయా సిస్టమ్‌కు తగిన పరిమాణాన్ని సీటైప్స్ తానే తీసుకుంటుంది.

బరువు నిలకడ పడగానే లైబ్రరీయే మీ పైథాన్ ఫంక్షన్‌ను పిలిచే ఏర్పాటు ఉంటే, పైథాన్ ఫంక్షన్‌ను సీ పిలవగలిగేలా చేసే సీఫంక్‌టైప్‌తో చుట్టిన ఆ వస్తువును ఒక వేరియబుల్‌లో చివరిదాకా నిలిపి ఉంచాలి. నేరుగా ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చి వదిలేస్తే పైథాన్ దాన్ని మెమరీ నుంచి తొలగించేస్తుంది, కానీ లైబ్రరీ దగ్గర పాత అడ్రస్ అలాగే ఉంటుంది. అలాంటప్పుడు ప్రోగ్రామ్ కొంతసేపు బాగా నడిచి, ప్రతిసారీ వేరే చోట కూలిపోతుంది.

ట్రై-ఎక్సెప్ట్ పట్టుకోకపోవడం సహజమే, ఎందుకంటే ఇది పైథాన్ ఎక్సెప్షన్ కాదు, ప్రాసెస్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ పంపే సిగ్నల్. పైథాన్ 3.3 నుంచి ఉన్న ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్‌ను ప్రోగ్రామ్ మొదట్లోనే ఎనేబుల్ చేస్తే, కూలిపోయే ముందు ఏ పైథాన్ లైన్‌లో ఉన్నదో చూపిస్తుంది. ప్రకటనలన్నీ రాసిన తరువాత కూడా సమస్య మిగిలితే, హెడర్ ఫైల్‌లో ఓపెన్, రీడ్ ఫంక్షన్ల ప్రకటనలనూ ఫాల్ట్‌హ్యాండ్లర్ చూపిన లైన్లనూ మీ ప్రశ్నకు జతచేయండి, వాటిని చూసి తప్పకుండా సమాధానం రాస్తాను.