అడుగులు మీరు చూపించకండి

ప్రశ్న: మేడం గారూ, నేను ఎనిమిదేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. భీమిలి దగ్గర ఒక హైస్కూల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలకి పన్నెండు రోజులు సృజనాత్మక నృత్యం నేర్పమని పిలిచారు. పగలు బడిలో, సాయంత్రం పక్కనున్న మత్స్యకారుల కాలనీలో. నలభై మంది పిల్లలు. మగపిల్లలు గోడ పట్టుకుని నిలబడతారట. హెచ్ఎం గారేమో ఆఖరి రోజు ఒక ఐటెం కావాలంటున్నారు. పన్నెండు రోజుల్లో మొదటి అడుగులు కూడా పూర్తికావు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అడుగులు పూర్తికావన్నారు చూడండి, ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు మొదలుపెట్టకండమ్మా.

నేను మొదటిసారి ఇలాంటి పనికి వెళ్ళింది విశాఖ ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేట, పెదజాలారిపేట పిల్లల దగ్గరికి. "సముద్రంలా కదలండి" అన్నాను. అనేసి ఊరుకోవచ్చుగా! అలవాటు కొద్దీ పతాక హస్తం, అదే వేళ్ళు కలిపి చాచిన అరచెయ్యి, పట్టి కెరటం చూపించాను. ఇంకేముంది, ముప్ఫై మందీ నా చెయ్యే ఊపారు. రోజూ సముద్రం పక్కన నిద్రలేచే పిల్లలకి నేను కెరటం నేర్పడమేమిటి?

మర్నాడు చేతులు వెనక్కి కట్టుకుని ఒకటే అడిగాను: "ఒడ్డు మీంచి వల ఎలా లాగుతారు?" గోడ దగ్గరున్న కుర్రాళ్ళు ఒకరి మాట ఒకరు తోసేస్తూ చెప్పడం మొదలుపెట్టారు. సముద్రం వైపు తిరిగి, మడమ ఇసకలో దింపి, వెనక్కి వాలి, వెనక్కే నడుస్తారట. వరసలో అందరికంటే వెనకున్న మనిషి తాడు వదిలేసి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పరుగెత్తి ముందు పట్టుకుంటాడు. చెప్పమంటే చేసి చూపించారు, తాడు లేకుండానే. తాడు బరువెంతో వాళ్ళ వీపుల్లో కనిపించింది. వెనకవాడు ముందుకి రావడం, వరస కదులుతూనే ఉండడం... నేను నెల్లాళ్ళు కూర్చున్నా అంత మంచి కూర్పు చెయ్యలేను.

ఆ తరవాత నా పని ప్రశ్నలడగడమే. వల ఖాళీగా వస్తే? తాడు తెగితే? ఇదే పని నిద్రలో చేస్తే? రుడాల్ఫ్ లాబాన్ అనే నృత్యకారుడు 1948లో ఇంగ్లండులో టీచర్ల కోసం, బడిలో నృత్యం గురించి ఓ పుస్తకం రాశాడు. అందులోంచి నేను నా పనికి తెచ్చుకున్నది ఇంతే: ఒంట్లో ఏది కదులుతోంది, ఎటు కదులుతోంది, బరువుగానా తేలిగ్గానా, ఎవరితో కలిసి? పిల్లలు ఆగిపోయినప్పుడల్లా వీటిలో ఒకటి మార్చి చూడండి.

నలభై మందిని ఒకేసారి లేపకండి. సగం మంది చేస్తే సగం మంది చూడాలి. చూసినవాళ్ళు "బాగుంది" అంటే ఒప్పుకోకండి, ఏం కనిపించిందో చెప్పమనండి. పాటలు మొదటి వారం వద్దు. ఒక డప్పు చాలు, లేదంటే స్టీలు పళ్ళెం. సినిమా పాట పెడితే పిల్లల ఒళ్ళు వెంటనే టీవీలో చూసిన స్టెప్పుల్లోకి వెళ్ళిపోతుంది. సాయంత్రం ఇసకలో చేయిస్తే ముందు గాజుపెంకులు ఏరించండి. నా కాలికి ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

కాలనీలో ఆడవాళ్ళు దూరంగా కూర్చుని నవ్వుతారు. నవ్వనివ్వండి. మూడోరోజుకి చేపల తట్ట నెత్తికెత్తుకోవడం ఎలాగో వాళ్ళే లేచి సరిచేస్తారు. తేదీలు మీ చేతిలో ఉంటే ఏప్రిల్ 15 దాటాక పెట్టుకోండి. అప్పట్నించి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, మగవాళ్ళు ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. అయితే బడి సెలవులు ముంచుకొస్తాయి, చూసుకోండి.

ఐటెం సంగతి. హెచ్ఎం గారితో గొడవపడకండి, పాపం ఆయనకీ పైవాళ్ళకి చూపించాల్సిన ఫొటోలుంటాయి. పదో రోజున ఆయన్ని క్లాసులో ఒక మూల కూర్చోబెట్టండి. పిల్లలు కట్టుకున్నదే ఆఖరి రోజు చేస్తారని అప్పుడు చెప్పండి. పట్టు బట్టలు, మేకప్పు వద్దు, యూనిఫారమే.

ప్రశ్న: మా ఏడో తరగతి బాబు బడిలో డ్యాన్స్ అని చెప్పి ఇంట్లో నేలమీద దొర్లుతున్నాడు. ఇదేం డ్యాన్సండీ?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: ఏం దొర్లుతున్నావని వాణ్ణే అడగండి. పీపానో, కొండరాయో, ఏదో ఒకటి చెప్తాడు. చెప్పలేకపోతే మాత్రం చాప ఎత్తేయించండి.