గ్రాఫైట్ ఫ్లై రాడ్ ఎలా చేస్తారు? మాడ్యులస్ ఎక్కువుంటే మంచిదేనా?

ఫ్లై రాడ్ అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎరను (ఫ్లై) విసిరి చేపలు పట్టే గాలపు కర్ర. రెండు రాడ్ల మీదా గ్రాఫైట్ అనే ఉన్నప్పుడు ధరలో అంత తేడా ఎందుకు, మాడ్యులస్ (పోగుల బిగువు) ఎక్కువున్నదే కొనాలా అని అడిగారు. నేను విశాఖలో ఫైబర్ బోట్ల పని చేస్తాను. తీరిక దొరికితే బ్లాంకులు తెప్పించుకుని రాడ్లు కట్టుకుంటాను. బ్లాంక్ అంటే లైను (గాలపు తాడు) దూరే రింగులు, పిడి వేయని ఒట్టి గొట్టం. ధరలో తేడా చాలావరకు అక్కడే పుడుతుంది.

మా షెడ్డులో గ్లాస్ పోగుల మ్యాట్ పరిచి బ్రష్షుతో రెజిన్ (పోగులను అతికించి గట్టిపడే జిగురు) పూస్తాం. రాడ్లకి ఆ మోటు పని చాలదు. రెజిన్ ముందే పట్టించిన కార్బన్ పోగుల షీటు వాడతారు, రాడ్ల మీద గ్రాఫైట్ అని రాసేది దీన్నే. ప్రీప్రెగ్ అంటారు, గట్టిపడిపోకుండా ఫ్రీజర్లో ఉంచుతారు. దాన్ని కొలత ప్రకారం కోసి, కొసకు సన్నబడే స్టీలు కడ్డీ మీద చుట్ట చుట్టినట్టు బిగుతుగా చుడతారు. పైన ప్లాస్టిక్ టేపు లాగి చుట్టి ఓవెన్లో కాలుస్తారు. వేడికి టేపు బిగుసుకుని పొరలను అదిమేస్తుంది. చల్లారాక కడ్డీ లాగేసి, టేపు ఊడదీసి, దాని గీతలు సానబెడతారు. పోగులు తెగుతాయని కొందరు ఆ గీతలు అలాగే వదిలేస్తారు. నాకు అవే నచ్చుతాయి.

డిజైనంటే ముఖ్యంగా కడ్డీ వాలు, షీటు కోత. నిలువు పోగులు వంపును మోస్తాయి. కానీ గొట్టం వంగినప్పుడు గుండ్రం కాస్తా నలిగి కోలగా మారుతుంది, అక్కడే పగులుతుంది. దాన్ని ఆపడానికి అడ్డంగా కూడా పోగులు వేస్తారు. ఇది బయటికి కనిపించదు కాబట్టి చవక రాడ్లలో కోత పడేది ఇక్కడేనని నా అనుమానం.

ఫ్లై వేటలో ఎరకు పెద్దగా బరువుండదు, విసిరేది లైను బరువునే. వెయిట్ అంటే లైను బరువును చెప్పే నంబరు, 5 వెయిట్ లైనులో మొదటి 30 అడుగులు దాదాపు 9 గ్రాములు. అందుకే కొస తేలిగ్గా ఉండి, వంగి వెంటనే నిలబడాలి. 1970లలో అమెరికా కంపెనీ ఫెన్విక్ గ్రాఫైట్ రాడ్లు వచ్చాక వెదురు, గ్లాస్ ఫైబర్ వెనకబడింది ఇందుకే.

మాడ్యులస్ అంటే బిగువు, బలం కాదు. అది పెరిగితే తక్కువ షీటుతో పని జరుగుతుంది, గోడ పలచనవుతుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. ఇక్కడి యారాడ బీచ్ రాళ్ల దగ్గర, సముద్రపు గాలిలో బరువు కట్టిన ఫ్లై వచ్చి రాడ్‌కి తగలడం మామూలే. నా దగ్గరకు రిపేరుకి వచ్చేవి ఎక్కువగా అలా దెబ్బతిన్నవీ, రాడ్ ముక్కలు కలిపే జాయింటు సరిగ్గా దిగకుండా విసిరినవీ. ఇక్కడికైతే మధ్యరకం మాడ్యులస్‌తో 8 వెయిట్ తీసుకోండి, ఉప్పుకి తట్టుకునే రింగులున్నది చూసి. కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి ఉరుముల్లో, వైర్ల కింద మాత్రం రాడ్ ఎత్తొద్దు.